మాటకు కాపలా ఎవరు?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు ఏనాడో చెప్పారు. వారి కాలంలో ఊరు చిన్నది. నోరు కూడా మనిషికి ఒక్కటే. ఇప్పుడు ఊరికి వేయి నోళ్ళు. పత్రిక ఒక నోరు, సినిమా ఒక నోరు, టీవీ ఒక నోరు, చేతిలోని ఫోను ఒక నోరు. వీటన్నిటికంటె మెత్తగా మాట్లాడే నోరు మరొకటి ఉన్నది. అది బడిపిల్లవాడి సంచిలోని వాచకం. అది అరవదు, తిట్టదు. కాని ఎనిమిదో ఏట అది చెప్పిన మాట ఎనభయ్యో ఏటికి కూడా మనసులోంచి పోదు.

రెండు జాతులో రెండు ప్రాంతాలో ఏళ్ళ తరబడి తగవులాడుకుంటున్నప్పుడు, ఈ నోళ్ళకు ఎవరైనా కాపలా ఉంటే బాగుండునన్న ఆలోచన వస్తుంది. ప్రపంచంలో ఇందుకు పేరుపడిన చోటు ఇజ్రాయెల్, పాలస్తీనా. 1998 అక్టోబరులో అమెరికాలో వారు కుదుర్చుకున్న ‘వై రివర్’ ఒప్పందంలో ఇదొక షరతు. రెచ్చగొట్టే రాతలూ మాటలూ ఎక్కడ వస్తున్నాయో కనిపెట్టడానికి ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు, అమెరికావారు కలిసి ఒక సంఘంగా కూర్చోవాలి. పత్రికల సంగతి తెలిసినవారు, చట్టం తెలిసినవారు, చదువుల సంగతి తెలిసినవారు అందులో ఉండాలి. ఆలోచన మంచిదే. సంఘం కొన్నాళ్ళు కూర్చున్నది కూడా. కాని ఎవరికి వారు అవతలివారి తప్పులు ఏకరువు పెట్టడంతోనే పుణ్యకాలం గడిచిపోయింది. 2000లో మళ్ళీ రక్తపాతం మొదలయ్యేసరికి సంఘం అడుగంటింది.

ఆ గొడవ ఎక్కడో పశ్చిమాసియాలోది, కోటబొమ్మాళిలో కూర్చున్న తెలుగు మాస్టారికి ఎందుకయ్యా అని పాఠకులు అడగవచ్చు. చెబుతాను.

మా ఊరికీ దీనికీ ఏమిటి సంబంధం?

మా ఊరు జాతీయ రహదారి మీద ఉన్నది. సంచులు పట్టుకుని హైదరాబాదు బస్సు కోసం నిలబడినవారు ఇక్కడ కొత్త కాదు. తాపీమేస్త్రీలు, కూలీలు, అపార్టుమెంట్లకు కాపలా ఉండేవారు, ఇళ్ళలో పనిచేసే ఆడవారు - ఇలా మా చుట్టుపక్కల పల్లెలవారు ఎందరో ఆ మహానగరంలో పొట్టపోసుకుంటున్నారు. 2009 నుంచి 2014 దాకా రాష్ట్రం కుతకుత ఉడికినన్నాళ్ళూ, టీవీలో పెద్ద కేక పడిన రాత్రల్లా ఇక్కడ ఇళ్ళలో తల్లులు ఫోన్లు పట్టుకునేవారు. “ఒరే నాన్నా, నాలుగు రోజులు పనికెల్లకు, గదిలోనే ఉండు” అని బతిమాలేవారు. టీవీలో కేకలు వేసినవారికి మాత్రం ఇరువైపులా పోలీసు కాపలా ఉండేది.

నా విద్యార్థి ఒకడు వ్యాసరచనలో తన తండ్రిని గురించి రాశాడు. ఆయన తాపీమేస్త్రీ. హైదరాబాదు బస్సులో “పోతున్న” అంటాడట. ఇంటికి వచ్చాక “ఎల్తన్నాను” అంటాడట. ఏ మాట అనాలో తోచని చోట ఊరుకుంటాడట. “మా నాన్న రెండు బాసలు నేర్చాడు, మూడోది మౌనం” అని ఆ కుర్రవాడు ముగించాడు. మార్కులు వేయడానికి కలం పట్టుకుని నేను చాలాసేపు కూర్చున్నాను.

కొత్త రాష్ట్రం 2014లో వెనుకబడిన తరగతుల జాబితా తయారుచేసుకున్నప్పుడు, ఉమ్మడి జాబితాలో ఉండిన 26 కులాలకు అందులో చోటు లేకపోయింది. కళింగ, తూర్పుకాపు, కొప్పుల వెలమ వంటి మా ప్రాంతపు కులాలు వాటిలో ఉన్నాయి. స్థానికుడెవరన్న ప్రశ్న దశాబ్దాలపాటు గోడలమీదా పత్రికల్లోనూ నలిగి నలిగి, చివరకు కూలివాని పిల్లల దరఖాస్తు కాగితం మీదికి వచ్చి కూర్చున్నది.

తెలుగింటి తగవు

మన తగవు పాతదే. నిజాము రాజ్యంలో తెలుగు కవులు లేనేలేరని ఒకాయన తేల్చి రాసిన రోజులున్నాయి. అప్పుడు గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్టుకు తిట్టు అప్పగించలేదు. ఊరూరికీ కబురు పంపి, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. గాయపరచిన రాతకు తెలుగునాట వచ్చిన జవాబులలో ఇంతకంటె ఘనమైనది నేను ఎరుగను.

అందరూ ప్రతాపరెడ్డిగారు కాలేరు గదా! 1952 సెప్టెంబరులో హైదరాబాదు వీథులలో “నాన్ ముల్కీ గో బ్యాక్”, “ఇడ్లీ సాంబార్ గో బ్యాక్” అన్న నినాదాలు మోగాయి. ఇడ్లీ చేసిన నేరమేమిటో ఎవరికీ తెలియదు. సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. 1969లో జై తెలంగాణ ఉద్యమం వచ్చింది. అందులో 369 మంది బలి అయ్యారని ఉద్యమకారుల లెక్క. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే ఈ వైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. మళ్ళీ కాల్పులు, మళ్ళీ శవాలు. 2009 డిసెంబరు 9న కేంద్రం ప్రకటన చేసిన తరువాతి కథ మన కళ్ళముందు జరిగిందే.

ఈ తగవులో అన్యాయం ఏమీ లేదనీ, అంతా పత్రికలవారి పుణ్యమేననీ నేను అనడం లేదు. 1956లో పెద్దమనుషుల ఒప్పందంలో మాట ఇచ్చారు, అది నిలవలేదు. 1985లో 610 నంబరు జీవో ఇచ్చారు. అది ఏళ్ళ తరబడి ఫైళ్ళలో నిద్రపోయింది. ఇచ్చిన మాట తప్పారని రాస్తే అది ఫిర్యాదు. ఎంత ఘాటుగా రాసినా అది ఫిర్యాదే. “తెలంగాణా వాలే జాగో, ఆంధ్రా వాలే భాగో” అంటే అది మరొకటి. మొదటిది ప్రభుత్వాన్ని నిలదీస్తుంది. రెండవది పక్కింటివాని తలుపు తడుతుంది. కాపలా ఉండవలసినవారు మొట్టమొదట నేర్చుకోవలసిన తేడా ఇదే.

ఈ గీత చెరిగిపోతే ఎంతదూరం పోతుందో ఆఫ్రికాలోని రువాండా చూపించింది. అక్కడ ఒక రేడియో టుట్సీ జాతివారిని బొద్దింకలని పిలిచింది. అలా పిలవడం అలవాటయ్యాక 1994లో లక్షల మందిని చంపారు. ఆ రేడియో నడిపించినవారికి 2003లో అంతర్జాతీయ న్యాయస్థానం శిక్ష వేసింది. మన తగవు అంతదూరం పోలేదు, పోకూడదు కూడా. అయినా మనిషిని మనిషి పేరుతో కాక మరో పేరుతో పిలవడం మనమూ నేర్చుకున్నాము. ఒకవైపు పత్రికలకు అవతలివారంతా “వేర్పాటువాదులు”. మరొకవైపు పత్రికలకు వీరంతా “వలసవాదులు”. మా తాపీమేస్త్రీ ఏ రాజ్యాన్ని ఏలడానికి వలస వెళ్ళాడో!

నవ్వించిన యాస, కనబడని పేరు

మా ప్రాంతంవారు తెలంగాణావారి గోడు ఇతరులకంటె ముందుగా అర్థం చేసుకోవలసినది. ఎందుకంటారా? దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో నాయకుడూ నాయికా కృష్ణా గోదావరి తీరాల చదువుకున్నవారి భాష మాట్లాడారు. రౌడీ తెలంగాణా యాస మాట్లాడాడు. నౌకరు, వెర్రిబాగులవాడు శ్రీకాకుళం యాస మాట్లాడారు. ఇలా చెయ్యండని ఎవరూ ఆజ్ఞ వేయలేదు, ఎవరినీ రెచ్చగొట్టాలని తీయలేదు. హాల్లో కూర్చున్న మనమే నవ్వాము. 2023లో మా ఊరి పేరుతోనే ‘కోటబొమ్మాళి పి.ఎస్.’ అన్న బొమ్మ వచ్చింది. అందులోని ‘లింగిడి’ పాట మా ప్రాంతపు జానపద బాణీతో రాష్ట్రమంతా మోగినప్పుడు మా పిల్లల ముఖాలు చూడవలసింది. యాసకు నవ్వులపాలు కాని చోటు దొరకడం ఎంత పెద్ద సంగతో ఆ ముఖాలు చెప్పాయి.

వాచకాల సంగతి ఇంకా సున్నితం. ఉమ్మడి రాష్ట్రపు తెలుగు వాచకాలలో తెలంగాణను తిట్టిన పాఠం ఉన్నదని ఫిర్యాదు కాదు. తమ కవులు, తమ పలుకుబడి, తమ పోరాటాలు తగినంతగా లేవన్నదే ఆ ఫిర్యాదు. హైదరాబాదు ట్యాంకుబండు మీద నిలబెట్టిన మహనీయుల విగ్రహాల విషయంలోనూ అదే మాట అన్నారు. 2011 మార్చి 10న ఆ విగ్రహాలను కూల్చినప్పుడు శ్రీశ్రీ, జాషువా కూడా నేలకొరిగారు. బీదవాని పక్షాన కలం పట్టిన ఇద్దరు కవులు! ఆ పని సమర్థించరానిది. కాని ఆ కోపానికి వెనుక పుస్తకంలో కనబడని పేర్ల బరువు ఉన్నదని గుర్తించకపోతే మనకు ఏమీ అర్థం కానట్లే.

ఈ సందర్భంలో మా జిల్లావాడైన గిడుగు రామమూర్తిగారిని తలచుకోవాలి. 1863లో పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, సవరల పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. ప్రజలు మాట్లాడే తెలుగు బడి పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. భాషా తగవు మనిషిని ఇల్లు కదిలించగలదని ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 మనకు తెలుగు భాషా దినోత్సవం. తెలంగాణావారు 2014 నుంచి కాళోజీ నారాయణరావుగారి పుట్టినరోజు సెప్టెంబరు 9న తమ భాషా దినోత్సవం జరుపుకుంటున్నారు. “చూశారా, భాషను కూడా పంచుకున్నారు” అని నాతో నిష్ఠూరంగా అన్నవారున్నారు. నాకు అలా తోచదు. గిడుగువారు అడిగినది జనం మాటకు పుస్తకంలో చోటు. కాళోజీ అడిగినదీ అదే. గ్రాంథికం గద్దె దిగాక ఆ గద్దె మీద రెండు మూడు జిల్లాల భాష ఒక్కటే కూర్చున్నది గనక రెండో పోరాటం అవసరమయింది. పదకొండు రోజుల తేడాతో వచ్చే ఆ రెండు పండుగలనూ నేను మా తరగతిలో కలిపే జరుపుతాను.

సర్కారు కాపలా

సరే, కాపలా కావాలి. ఎవరు ఉండాలి? సర్కారు ఉంటుందంటే మనకు పాత అనుభవం ఉన్నది. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని తెల్లదొరలు మూడేళ్ళు జైల్లో పెట్టారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని నిషేధించారు. తరువాత నిషేధం సడలి, పుస్తకం విశ్వవిద్యాలయంలో పాఠ్యగ్రంథమయ్యాక, 1936లో మళ్ళీ వేటు వేశారు. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని అది బయటపడలేదు. అంటరానివారి గోడు చెప్పిన నవల ఆ కాపలాదారుకు రెచ్చగొట్టే రాతగా కనబడింది. ఫిర్యాదుకూ రెచ్చగొట్టడానికీ తేడా తెలియని కాపలా ఇలాగే ఉంటుంది.

మన ప్రభుత్వాలు వచ్చాక మారిందా? శ్రీకృష్ణ సంఘం 2010 డిసెంబరులో రాష్ట్ర విభజనపై నివేదిక ఇచ్చింది. అందులో ఎనిమిదో అధ్యాయాన్ని రహస్యంగా ఉంచారు. పత్రికలనూ టీవీలనూ ఎలా తమవైపు మలుచుకోవచ్చునో కేంద్రానికి చెప్పిన సలహాలు ఆ రహస్య పత్రంలో ఉన్నాయని 2011 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డిగారి తీర్పు ద్వారా లోకానికి తెలిసింది. నిప్పు ఆర్పడానికి పిలిచినవారు గొట్టం ఎటు తిప్పాలో లోపాయికారీగా చెప్పారన్నమాట.

తరువాతి సంగతి చూడండి. 2014 జూన్‌లో, ఒక కార్యక్రమం శాసనసభ్యులను ఎగతాళి చేసిందన్న ఆగ్రహం రేగాక, తెలంగాణలో కేబులు ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపివేశారు. పదేళ్ళ తరువాత 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ తెరల మీద కనబడకుండా పోయాయి. ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. అటూ ఇటూ న్యాయం ఒక్కటే - నచ్చని నోటికి గుడ్డ.

చట్టం లేదని కాదు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కింద కార్యక్రమాల నియమావళి ఉన్నది. ఢిల్లీలో 2008 నుంచి వందల ఛానళ్ళను రికార్డు చేసే కేంద్ర కార్యాలయం ఉన్నది. జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణ సంఘాలు ఉండాలనీ, వాటిలో పోలీసు అధికారితోపాటు మహిళా కళాశాల ప్రిన్సిపాలు, చదువుకున్న పెద్దలు ఉండాలనీ కేంద్రం ఉత్తర్వులు ఇచ్చింది. పత్రికల మీద ఫిర్యాదుకు ప్రెస్ కౌన్సిల్ ఉన్నది. ఇవన్నీ ఉన్నాయని మనలో ఎంతమందికి తెలుసు? తెలిసినా, మనవాళ్ళు అవతలివారిని తిట్టినప్పుడు ఫిర్యాదు రాసినవారెవరు?

ఎలా చదవాలి?

మళ్ళీ పాలస్తీనా సంగతికి వస్తాను. సంఘం విఫలమైన చోట పండితులు మరో పని చేశారు. అమెరికా ఆచార్యుడు బ్రూస్ వెక్స్లర్, ఇజ్రాయెల్ ఆచార్యుడు డేనియల్ బార్-టల్, పాలస్తీనా ఆచార్యుడు సామి అద్వాన్ కలిసి ఇరువైపుల బడి పుస్తకాలు 160కి పైగా చదివించి 2013లో ఫలితాలు వెల్లడించారు. రెండు భాషలూ వచ్చినవారిని ఇరువైపుల నుంచీ తీసుకుని, ముందుగా నిర్ణయించిన ప్రశ్నలకు పుస్తకంలోని జవాబులు గుర్తించమన్నారు. ఏం తేలింది? అవతలివారిని మనుషులు కారన్నట్లు తిట్టే పాఠాలు రెండు వైపులా అరుదే. కాని అవతలివారిని శత్రువులుగా చూపడం రెండు వైపులా ఉన్నది. వారి బతుకు, మతం, సంస్కృతి గురించి మంచి సమాచారం కొరవడింది. ఎక్కువ పటాలలో అవతలివారి పేరే లేదు. పిల్లవాడు పటం చూసి, పక్కింట్లో ఎవరూ లేరనుకుంటాడు. తిట్లు వెదకేవారికి ఈ దోషం దొరకదు. పేజీలో లేనిదాన్ని కూడా వెదకాలి.

ఈ పద్ధతిని మా తరగతిలో చిన్న ఎత్తున చేసి చూశాము. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగు జరుగుతున్న రోజున, నాగార్జునసాగర్ ఆనకట్ట మీద పెద్ద గలభా జరిగింది గదా! ఆంధ్రప్రదేశ్ పోలీసులు 26 గేట్లలో 13 స్వాధీనం చేసుకుని కుడికాలువకు నీరు వదిలారు. తెలంగాణ పోలీసులు కేసులు పెట్టారు. చివరకు కేంద్ర బలగాలు వచ్చి ఆనకట్ట మీద నిలబడ్డాయి. ఆ వారం పత్రికలు, రెండు రాష్ట్రాలవీ తెప్పించాను. మూడు నిబంధనలు పెట్టాను. ఒకటి: ముందుగా మన వైపు పత్రికలోనే తప్పులు వెదకాలి. రెండు: ఒక్కొక్క పత్రికను ఇద్దరు చదవాలి, ఒకరి గీతలు ఒకరు చూడకూడదు. మూడు: ఎవరి మాట అచ్చు కాలేదో చివర రాయాలి.

పిల్లలు మొదట ముఖాలు చిట్లించారు. “మాస్టారూ, మనవాళ్ళ తప్పు మనమే వెదికితే అవతలివాళ్ళకు లోకువ కామా?” అని ఒకడు అడిగాడు. “మన ఇంట్లో పామును పక్కింటివాడు వచ్చి పట్టడు గదరా” అన్నాను. పని సాగింది. ఒకే గేటు ఒకచోట “హక్కు” అయింది, ఒకచోట “దండయాత్ర” అయింది. నీరు ఒకచోట “విడుదల”, మరొకచోట “దోపిడీ”. ఇద్దరు చదివిన చోట గీతలు చాలావరకు కలిశాయి. కలవని చోట అరగంట వాదించుకున్నారు. ఆ అరగంట నేను చెప్పే పాఠంకంటె మేలు. చివరి ప్రశ్నకు మాత్రం అందరి జవాబూ దాదాపు ఒక్కటే. మేము చూసిన పత్రికల్లో మంత్రులు మాట్లాడారు, అధికారులు మాట్లాడారు. కుడికాలువ రైతూ ఎడమకాలువ రైతూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇద్దరికీ ఒకే కృష్ణ నీరు కావాలి. ఇద్దరి మాటా అచ్చుకు నోచలేదు.

సెప్టెంబరు 17

వాచకాన్ని పరీక్షించాలంటే నేను ఒక తేదీ చూస్తాను. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. అది విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని కొందరు అంటారు. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినం జరిపితే, అదే ఊళ్ళో అదే రోజున రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2024లో కొత్త ప్రభుత్వం దానికి ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టింది. పేర్ల మీద ఇంత పెనుగులాట ఎందుకు? ఒక్కొక్క పేరు ఒక్కొక్కరి కన్నీటిని దాచుతుంది గనక.

రజాకార్లు పల్లెలను కాల్చారు, మనుషులను చంపారు. అది చెప్పి తీరాలి. సైన్యం వచ్చాక మరాట్వాడా మొదలైన జిల్లాలలో ముస్లిములు ఊచకోతకు గురయ్యారు. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం ఆ మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. ఇదీ చెప్పి తీరాలి. మొదటి సగమే చెప్పిన పుస్తకమూ, రెండో సగమే చెప్పిన పుస్తకమూ అబద్ధమాడలేదు. కాని రెండూ సగం మనుషులను తయారుచేస్తాయి. రెండు సగాలూ చెబితే పిల్లలు తట్టుకోలేరని కొందరి భయం. తాపీమేస్త్రీ కొడుకు తట్టుకున్నదానికంటె అది పెద్ద బరువు కాదు.

పాఠకులు చేయగల పని ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ వారం మీ ఇంటి పిల్లల సాంఘికశాస్త్రం పుస్తకం ఒకసారి తెరవండి. అందులో ఎవరున్నారో చూడండి, ఎవరు లేరో చూడండి. మీరు రోజూ చదివే పత్రికలో మీకు బాగా నచ్చిన శీర్షికను, ఆ తగవులో అవతలి ఒడ్డున ఉన్న మీ స్నేహితునికి ఎదురుగా గట్టిగా చదవగలరేమో ఆలోచించండి. చదవడానికి నోరు రాకపోతే, కార్డు ముక్క మీద నాలుగు వాక్యాలు ఆ సంపాదకునికి రాయండి. పొరుగు పత్రిక సంపాదకునికి రాయడానికి ఆ ఊరివారు ఉన్నారు.

కాపలా ఉండడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రానక్కరలేదు. మా కుర్రవాడి తండ్రి ఏ బస్సులోనైనా తన యాసలో టికెట్టు అడిగే రోజు వస్తే, ఆ కాపలా బాగా సాగుతున్నదని అర్థం.